చెయ్యి దించని ఊరు

కొత్తబురుజు బస్టాండులో ఒక పద్ధతి ఉంది. ఊరికి పోయే మనిషి బస్సెక్కి కూర్చున్నాక, సాగనంపడానికి వచ్చినవాళ్ళలో పెద్దవాళ్ళెవరో ఒకరు గేటు పక్కన నిలబడి కుడిచెయ్యి పైకెత్తుతారు. అరచెయ్యి బస్సు వైపు ఉండాలి. ఊపకూడదు. ఊపితే పొమ్మన్నట్టు. కన్నబిడ్డలనీ కావలసినవాళ్ళనీ ఎవరు పొమ్మంటారు? కదలకుండా ఎత్తి ఉంచితే, నేనిక్కడే ఉన్నాను, తిరిగి రా అన్నట్టు. పోయేవాళ్ళ ముఖం చూస్తూ ఎత్తాలి, బస్సు గేటు దాటి గానుగ మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా దించకూడదు. మధ్యలో దించితే ఏమవుతుందంటే ఎవరూ చెప్పరు. చెప్పకపోవడంలోనే దాని బలమంతా ఉంది.

ఈ పద్ధతి వల్ల ఎవరికీ ఏ నష్టమూ లేదు, 'రెప్ప' వచ్చేదాకా.

కంటికి రెప్పలా ప్రయాణికులను కాపాడుతుందని బస్సుల సంస్థ వాళ్ళు ఆ యంత్రానికి ఆ పేరు పెట్టారు. దానికి రెండు కళ్ళు. ఒకటి డ్రైవరు ముఖం చూస్తుంది. అతనికి కునుకు పడితే అరిచి లేపుతుంది. రెండోది ముందున్న రోడ్డు చూస్తుంది. ఏదైనా అడ్డమొస్తే తానే బ్రేకు వేస్తుంది. నిజం చెప్పుకోవాలి, కునుకు పట్టుకోవడంలో దానికదే సాటి. పరీక్షకని ముందుగా ఒక బస్సుకు బిగిస్తే, తెల్లవారుజామున అడవి దారిలో డ్రైవరు హుస్సేనప్పకు కన్నంటుకున్నప్పుడు లోయ అంచున లేపింది. ఆ రోజు బస్సులో ఉన్నవాళ్ళందరూ ఇళ్ళకు చేరారు. అక్కడితో ఆగి ఉంటే ఊళ్ళో దానికి దిష్టి తీసేవాళ్ళు.

కానీ ప్రారంభోత్సవం ఒకటి పెట్టారు.

డిపో ముందు పందిరి వేసి, బస్సుకు పూలదండ వేసి, ఒక కానిస్టేబులును ఎదురుగా నిలబెట్టి చెయ్యెత్తమన్నారు. ఎత్తాడు. బస్సు టక్కున ఆగింది. లోపలినుంచి ఒక ఆడగొంతు, "హస్తము గమనించబడినది. వాహనము నిలుపబడినది," అంది. జనం చప్పట్లు కొట్టారు. ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దమనిషి ఆ చప్పట్లకు మురిసి, తనకే అనుకుని, ఆశీర్వదిస్తూ చెయ్యెత్తాడు. అప్పుడే కదలబోతున్న బస్సు మళ్ళీ ఆగింది. ఆయన కళ్ళు చెమర్చాయి. ఇంతకాలం ప్రజాజీవితంలో ఉన్నాననీ, తన చేతికి ఇంత వెంటనే విలువిచ్చినవాళ్ళు మాత్రం ఈ బస్సొక్కటేననీ మైకులో చెప్పాడు. ఈ గుణాన్ని ఎవరూ, ఎన్నడూ మార్చకూడదన్నాడు. ఆ మాట ఉత్తర్వైపోయింది.

ఆ బస్సు నడిపేది మద్దిలేటి. పొద్దున ఆరు గంటలకు కొత్తబురుజు నుంచి పట్నం పోయే సర్వీసు అతనిది. ఆ డ్యూటీ అతను అడిగి వేయించుకున్నది. అతని భార్య సుంకులమ్మకు మూత్రపిండాలు చెడిపోయాయి. మంగళవారం, శుక్రవారం పట్నం ఆస్పత్రిలో డయాలసిస్. తొమ్మిదింటికి మంచం మీద లేకపోతే ఆ మంచం ఇంకొకరికి ఇచ్చేస్తారు. అక్కడ మంచాలు తక్కువ, కాచుకున్నవాళ్ళు ఎక్కువ. అందుకని ఆమె డ్రైవరు వెనక సీట్లో కూర్చుని మొగుడి బస్సులోనే పోయి, మొగుడి బస్సులోనే వచ్చేది. వాళ్ళిద్దరి మధ్యా చెయ్యెత్తే పని ఎప్పుడూ పడలేదు.

"పొద్దున పోయి మాపటికొచ్చేటోనికి చెయ్యెత్తేదేంది, చెయ్యి నొప్పి తప్ప," అనేది సుంకులమ్మ.

ప్రారంభోత్సవం మర్నాడు మంగళవారం. గేటు పక్కన గిడ్డమ్మవ్వ నిలబడి ఉంది. చెల్లెలి కూతురు కాన్పుకు పోతుంటే సాగనంపడానికి వచ్చింది. మద్దిలేటి గేరు వేశాడు. గిడ్డమ్మవ్వ చెయ్యెత్తింది.

"హస్తము గమనించబడినది. వాహనము నిలుపబడినది."

మద్దిలేటి కిటికీలోంచి తల బయటపెట్టాడు. "అవ్వా, చెయ్యి దించు."

"బండి పోనీ, దించుతా."

"నువ్వు దించితే గదా బండి పోయేది."

"బండి పోతే గదా నేను దించేది."

కండక్టరు మాబున్ని దిగి వచ్చింది. "ఇద్దురూ న్యాయమే మాట్లాడుతాండారు. నేను యాడికి పోవాల?" అంది.

"అవ్వా, ఇంతసేపు బండి పోలేదు. పోయిందనుకోని దించు," అన్నాడు మద్దిలేటి.

"అనుకుంటే ఎట్లవుతాది నాయనా. అది పోయేది కాన్పుకు. పోయేటిది ఒక ప్రాణం, వచ్చేటివి రెండు ప్రాణాలు. నడిమిట్ల దించుమంటావా నన్ను?"

బస్సులో ఉన్నవాళ్ళలో సగం మంది డ్రైవరుని, సగం మంది అవ్వని సమర్థించారు. సుంకులమ్మ ఎవరినీ సమర్థించలేదు. బస్టాండు గోడ గడియారం వైపు చూస్తోంది.

చివరికి మాబున్ని తన గొడుగు తెచ్చి, అవ్వ చేతికీ బస్సుకూ మధ్య విప్పి పట్టుకుంది. గొడుగు వెనక అవ్వ చెయ్యి లేచే ఉంది. అంచు పక్కనుంచి ఆ పిల్ల ముఖం చూస్తూనే ఉంది.

"హస్తము అదృశ్యమైనది. ప్రయాణము శుభమగుగాక," అంది యంత్రం. ఆ వారంలోనే మిగతా బస్సులకూ రెప్ప బిగించారు, డ్రైవర్లంతా ఆ గొంతుకు 'వదినె' అని పేరు పెట్టారు. ఎంత చేసినా తప్పు పట్టేది, తాను మాత్రం పద్ధతి తప్పనిది ఇంట్లో ఆమే కదా.

సాయంత్రానికి మద్దిలేటికి పిలుపొచ్చింది. డిపో మేనేజరు చక్రపాణి గారు మాటకు ముందు కళ్ళజోడు తీసి తుడిచే మనిషి. తుడిచాక కూడా ఎదుటి మనిషిని చూడడు.

"గొడుగు ద్వారా యంత్రమును మభ్యపెట్టడం జరిగిందని యంత్రమే తెలియజేసింది," అన్నాడు.

"సార్, అవ్వ చెయ్యి దించల్యా. బండి కదల్యా. నేనేం జేసేది?"

"చూడండి మద్దిలేటీ. యంత్రమును కొన్నదెవరు? సంస్థ. సంస్థ తప్పు చేస్తుందా? చేయదు. కావున యంత్రము తప్పు చేయదు. మీరు ఉద్యోగి గనుక, మీ తప్పును ప్రస్తుతానికి పక్కన పెడదాం. ఇక మిగిలిందేమిటి?"

"అవ్వ సార్."

"చెయ్యి. సమస్య చేతిలో ఉన్నది. దానిని నిర్మూలించే దిశగా చర్యలు చేపట్టడం జరుగుతుంది."

మద్దిలేటి సుంకులమ్మ సంగతి చెప్పాడు. తొమ్మిది గంటల మంచం సంగతి కూడా చెప్పాడు. చక్రపాణి గారు చాలా సానుభూతితో విని, కళ్ళజోడు మళ్ళీ తుడిచి, "మీ శ్రీమతి గారి మూత్రపిండములు ఈ కార్యాలయ పరిధిలోకి రావు," అన్నాడు.

చర్యలు మొదలయ్యాయి. గేటు దగ్గర పెద్ద బోర్డు పెట్టారు. ఇచ్చట చెయ్యి ఎత్తరాదు అని రాసి, చదువురానివాళ్ళ సౌకర్యార్థం ఎత్తిన అరచేతిని నిలువెత్తు బొమ్మ వేయించి, దాని మీద ఎర్ర అడ్డగీత కొట్టించారు.

వదినె ఆ బొమ్మను చూసి ఆగిపోయింది.

పెయింటరు వచ్చి తెల్లరంగు పూసేదాకా అన్ని సర్వీసులూ గేటు లోపలే ఉన్నాయి. ఇంకొక చోటైతే ఎవరో ఒకరు సిగ్గుపడేవాళ్ళు. పట్నం నుంచి ప్రాంతీయ భద్రతాధికారి హయగ్రీవరావు గారు కారులో వచ్చి, బోర్డు ఎదుట ఆగిన బస్సులను కళ్ళారా చూసి పులకించిపోయాడు.

"గీసిన చేతిని సైతం గౌరవించింది. ఇంతకు మించిన నిదర్శనం వేరే కావాలా? అయితే ఇందులో ఒక లోపం గమనించాను. ఇంత పెద్ద బొమ్మను గుర్తించింది సరే. చిన్న బొమ్మల మాటేమిటి? దూరపు బొమ్మల మాటేమిటి? భద్రత విషయంలో రాజీ పడరాదు," అన్నాడు.

యంత్రానికి కొత్త పాఠాలు చెప్పించారు. గీసిన చేతులు, చెక్కిన చేతులు, అచ్చు వేసిన చేతులు అన్నీ గుర్తుపట్టడం దానికి వచ్చేసింది. ఇక చూడాలి కొత్తబురుజు బస్సుల భక్తి. అభయమిచ్చే ఆంజనేయస్వామి ఆర్చీ దగ్గర ఆగేవి. పుట్టినరోజు ఫ్లెక్సీల్లో జనానికి చెయ్యెత్తి చూపే చిన్నా పెద్దా నాయకులందరి ముందూ ఆగేవి. సబ్బు ప్రకటనలో నురగ అంటిన పసిపిల్ల చెయ్యి ముందు కూడా ఆగేవి. ఊళ్ళో ఫ్లెక్సీ లేని గోడ లేదు, కాబట్టి ఆగని చోటు లేదు. ఒక చోటామోటా నాయకుడు బస్సులు ఆగడం చూసి ముచ్చటపడి మరో పది ఫ్లెక్సీలు కట్టించాడు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు గానుగ మలుపులో వచ్చింది. అక్కడ సర్కిల్లో చెయ్యెత్తిన విగ్రహం ఒకటి ఉంది. ఎవరిదో ఎవరికీ తెలియదు. పలక మీది పేరు ఎండకూ వానకూ పోయింది. చెయ్యి మాత్రం నిక్షేపంగా ఉంది. సంస్థ వాళ్ళు దానికి గోనెసంచి తొడిగారు. ఆ మధ్యాహ్నానికే ఆ విగ్రహం ఎవరిదో తెలియని రెండు వర్గాల వాళ్ళు తమ ఆత్మగౌరవం దెబ్బతిన్నదని రోడ్డు మీద కూర్చున్నారు. సంచి తీసేశారు. రెండు వర్గాలూ పాలాభిషేకం చేసి పోయాయి.

అప్పుడు కమిటీ వేశారు. కమిటీ చాలా లోతుగా ఆలోచించి, రెప్పకు వెనకపక్క కళ్ళు లేవన్న సంగతి కనిపెట్టింది. కావున విగ్రహం రాకముందే బస్సును తిప్పి, సర్కిలు మొత్తం రివర్సులో దాటించి, అవతల మళ్ళీ తిప్పుకోవాలని నిర్ణయించింది. భద్రత కోసం పెట్టిన బస్సు నడిబజారులో వెనక్కి నడవసాగింది. కండక్టర్లు దిగి, ఈలలు వేస్తూ, "రానీ, రానీ, కుడికి కొట్టు," అని అరిచేవాళ్ళు. మేకలు, పసిపిల్లలు, తోపుడుబండ్లు పక్కకు ఉరికేవి.

"అన్నా, ఈ యంత్రం ఎవరిని కాపాడుతాండాది?" అంది మాబున్ని ఒకనాడు, ఈల నోట్లోంచి తీసి.

"యంత్రాన్ని," అన్నాడు మద్దిలేటి.

బస్టాండులో సాగనంపుడు గది కూడా కట్టారు. కిటికీలు లేవు. లోపల ఒక టీవీ పెట్టి, బయలుదేరే బస్సును అందులో చూపిస్తారు. బంధువులు ఆ టీవీకి చెయ్యెత్తుకోవచ్చు. కరెంటు పోయినప్పుడు చీకట్లోనే ఎత్తుకోవాలి. గిడ్డమ్మవ్వ ఒక్కసారి లోపలికి పోయి, బయటికొచ్చి, "శవాన్ని మోసకపోయినంక గది మాదిరుండాది," అని ఇక అందులో అడుగుపెట్టలేదు. గేటు దగ్గర చేతులు దించడానికి పచ్చకోట్లు వేసి మనుషులను పెట్టారు. "చెయ్యెత్తొద్దు" అని చెప్పడానికి వాళ్ళు చెయ్యెత్తేవాళ్ళు. బస్సు వాళ్ళను చూసి ఆగేది. తరువాత వాళ్ళను చేతులు వెనక్కి కట్టుకునే డ్యూటీ చేయమన్నారు.

ఈ పురోగతి జరుగుతున్నప్పుడే సుంకులమ్మ మంచం రెండుసార్లు చేజారిపోయింది. రెండోసారి పట్నం చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. నర్సు గడియారం చూపించి, "పెద్దమ్మా, నేనేం చేసేది, ఆమె కూడా మనిషే కదా," అంది మంచం మీదున్న మనిషిని చూపిస్తూ. మంచం మీద మనిషి సుంకులమ్మకు తెలిసినామే. ముఖం పక్కకు తిప్పుకుంది. తిరుగు బస్సులో సుంకులమ్మ చెప్పులు కాళ్ళకు పట్టలేదు. తీసి సంచిలో పెట్టుకుంది.

"చూడయ్యా, నా కాళ్ళు గూడ ఆఫీసర్ల మాదిరి ఉబ్బినాయి," అంది.

మద్దిలేటి నవ్వలేదు. రాత్రి ఆమె పడుకుని ఊపిరి తీసుకునే చప్పుడు వింటూ కూర్చున్నాడు. మనిషి పక్కనే ఉండగా మనిషిని సాగనంపుతున్నట్టుండేది అతనికి ఆ చప్పుడు.

తరువాతి మంగళవారం సీట్లో కూర్చుని, గేరు వేయకముందే వెనక్కి తిరిగాడు.

"మే, నీ బొట్టుబిళ్ళొకటియ్యి."

"ఎందుకు? ఈ వయసులో పెట్టుకోవాలని బుద్ధి పుట్టిందా?"

"నాక్కాదు. వదినెకు."

సుంకులమ్మ ఒక్క క్షణం అతని ముఖం చూసింది. సంచిలోంచి బొట్టుబిళ్ళల అట్ట తీసింది. చిన్నవీ పెద్దవీ వెతికి, పండగలకు పెట్టుకునే ఎర్ర బిళ్ళ ఒకటి ఊడదీసి వేలికి అంటించి ఇచ్చింది. మద్దిలేటి దాన్ని రోడ్డు చూసే కంటికి అంటించాడు. సరిగ్గా సరిపోయింది. తన ముఖం చూసే కన్ను జోలికి పోలేదు. కునుకు వస్తే లేపమనే అతనూ కోరుకునేది.

"చీకటి పడినది. దీపములు వెలిగించుము," అంది వదినె.

మద్దిలేటి పొద్దున ఆరు గంటలకు హెడ్‌లైట్లు వేశాడు. గేటు దగ్గర గిడ్డమ్మవ్వ ఎవరినో సాగనంపుతూ నిండుగా చెయ్యెత్తింది. బస్సు ఆమెను దాటింది. ఆంజనేయస్వామిని దాటింది. పేరులేని విగ్రహాన్ని ముందు చూపుతోనే దాటింది. ఎనిమిదిన్నరకు సుంకులమ్మ మంచం పక్కన నిలబడి ఉంది.

అట్లా కొన్నాళ్ళు నడిచింది. కొత్తబురుజు సర్వీసు ఎన్నడూ లేనంత వేళకు పోయింది, వేళకు వచ్చింది. పట్టుబడింది కూడా అందుకే. వేళకు నడిచే బస్సు మీద ఎవరికైనా అనుమానం వస్తుంది. పట్నంలో హయగ్రీవరావు గారు యంత్రం పంపిన వివరాలు తిరగేస్తే, కొత్తబురుజు మార్గంలో వారాల తరబడి పగలన్నదే లేదు. మొదట గ్రహణం అనుకున్నారు. తరువాత పొగమంచు అనుకున్నారు. మే నెలలో పొగమంచు ఎందుకు పడుతోందో చెప్పమని వాతావరణం వాళ్ళను అడిగారు. వాళ్ళు జవాబివ్వకపోవడంతో, వేరే దారిలేక, బస్సు దగ్గరికి పోయి చూశారు.

విచారణ డిపోలోనే జరిగింది. ఎర్ర బిళ్ళను ఒక గాజు పళ్ళెంలో పెట్టి బల్ల మీద ఉంచారు.

"ఇది ఏమిటి?" అన్నాడు హయగ్రీవరావు గారు.

"బొట్టు సార్."

"ఎవరిది?"

"నా పెండ్లాంది."

"ఆమె సంస్థ ఉద్యోగినియా?"

"కాదు సార్. పాసింజరు."

"బయటి వ్యక్తి యొక్క బొట్టు సంస్థ యొక్క కంటిలో పడుటకు మీరు ఎవరి అనుమతి పొందారు?"

చక్రపాణి గారు కళ్ళజోడు తుడుచుకుంటూ, ఈ ఉద్యోగి ఇంతకాలంలో ఒక్క మేకను కూడా గుద్దలేదని, అది గమనించాలని మెల్లగా అన్నాడు. ఆయనలో కూడా ఎక్కడో మనిషి ఉన్నాడు.

"గమనించాం. యంత్రము సహాయం లేకుండా ప్రమాదరహితంగా నడపడం మరింత తీవ్రమైన నేరం. యంత్రము అవసరమే లేదనే అపోహను ప్రజల్లో కలిగిస్తుంది," అన్నాడు హయగ్రీవరావు గారు.

స్టీరింగు తీసుకున్నారు. ఉద్యోగం పూర్తిగా పోవలసింది, దయతలచి పచ్చకోటు ఇచ్చారు. ఇక నుంచి మద్దిలేటి పని గేటు దగ్గర నిలబడి జనం చేతులు దించడం. ఆరు గంటల సర్వీసు హుస్సేనప్పకు వేశారు. మళ్ళీ తప్పు జరిగితే ఆ కోటు కూడా ఉండదని సంతకం పెట్టించుకున్నారు. మందులకు ఆధారం ఆ ఉద్యోగమేనని అందరికీ తెలుసు. అందుకే సంతకం పెట్టించుకున్నారు.

శుక్రవారం పొద్దున సుంకులమ్మను బస్టాండుకు తీసుకొచ్చాడు. ఆమె ఎప్పటిలాగే డ్రైవరు వెనక సీట్లో కూర్చుంది. ముందు మొగుడి వీపు ఉండవలసిన చోట హుస్సేనప్ప వీపు ఉంది. మద్దిలేటి సంచి అందించి, నీళ్ళ సీసా అందించి, కిటికీ అద్దం సరిగా జరుగుతుందో లేదో చూసి, మళ్ళీ చూశాడు.

"ఇంగ పో. నీ డ్యూటీ గేటు కాడ," అంది సుంకులమ్మ.

ఆ రోజు హయగ్రీవరావు గారు గేటు దగ్గరే ఉన్నాడు. కొత్తబురుజు డిపోకు ఆ యేడాది ప్రమాదరహిత డిపోగా బహుమతి వచ్చింది. ఉన్న సర్వీసుల్లో చాలా వరకు బయలుదేరనే లేదు కాబట్టి ఎవరినీ గుద్దలేదు. ఫోటో తీయించుకోవడానికి వచ్చాడాయన. మద్దిలేటి ఆయన పక్కన, పచ్చకోటు వేసుకుని, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. ఎదురుగా బస్సు కదిలింది. కిటికీలో సుంకులమ్మ ముఖం కనిపించింది. ఆమె ఒక్కతే పోవడం ఇదే మొదలు.

చెయ్యెత్తాలని అతను అనుకోలేదు. చెయ్యే లేచింది.

"హస్తము గమనించబడినది. వాహనము నిలుపబడినది."

"ఎవరిదా చెయ్యి? దించండి," అన్నాడు హయగ్రీవరావు గారు, ఎవరిదో ముందు చూసుకోకుండా.

"నాది సార్," అన్నాడు మద్దిలేటి.

"దించే ఉద్యోగం మీదే కదా?"

"అవును సార్."

"మరి దించండి."

దించాలని మద్దిలేటికీ తెలుసు. తొమ్మిది గంటల మంచం సంగతి ఆ బస్టాండులో అతనికన్నా ఎక్కువ తెలిసినవాళ్ళు లేరు. ఎన్ని చేతులు దించమని బతిమాలాడో, ఎంతమంది ముసలివాళ్ళను మనసులో తిట్టుకున్నాడో. ఇప్పుడు ఆ చెయ్యి తన భుజానికి అంటుకుని ఉన్నదే గానీ తన మాట వినేట్టు లేదు. దించితే ఆమె పోతుంది. దించకపోతే కూడా పోతుంది, ఇంకోరకంగా.

"అన్నా, దించన్నా. లేటైతాది," అని హుస్సేనప్ప లోపలినుంచి అరిచాడు.

సుంకులమ్మ కిటికీలోంచి తల బయటపెట్టింది. "ఏమయ్యా. ఇన్నేండ్లు లేనిది ఇయ్యాలే వచ్చిందా నీకు ప్రేమ?"

బస్సులో నవ్వారు. మద్దిలేటి ముఖం చూసి ఆపేశారు.

గిడ్డమ్మవ్వ అతని పక్కకు వచ్చి నిలబడింది. ఈసారి ఆమె ఎవరినీ సాగనంపడానికి రాలేదు. ఊరికే, అలవాటుకొద్దీ వచ్చింది. "నాయనా, ముందరుంటే గదా దాంతో కొట్లాట," అంది మెల్లగా. "ఎనక దానికి కండ్లు లేవని ఆఫీసర్లే జెప్పినారంట గదా."

"ముఖం జూడకుండా ఎట్లెత్తేది అవ్వా? వీపుకెత్తకూడదు గదా."

గిడ్డమ్మవ్వ కిటికీ వైపు తిరిగి, "మే సుంకులమ్మా, లేసి ఆఖరి సీటుకు పో. ఎనక అద్దంలోంచి మొగుని ముఖం జూడు," అంది.

సుంకులమ్మ లేచింది. ఉబ్బిన కాళ్ళతో సీట్లు పట్టుకుంటూ నడిచింది. మాబున్ని ఆమె సంచి పట్టుకుంది. ఆఖరి సీట్లో ఉన్నవాళ్ళు జరిగారు. దుమ్ము పట్టిన వెనక అద్దాన్ని ఆమె కొంగుతో తుడవడం బయటికి కనబడింది.

మద్దిలేటి ఎడమచేత్తో కుడిచెయ్యి మణికట్టు పట్టుకుని, దొంగను లాక్కొచ్చినట్టు కిందికి లాగాడు.

"హస్తము అదృశ్యమైనది. ప్రయాణము శుభమగుగాక."

బస్సు గేటు దాటింది. దాటగానే మద్దిలేటి వెనక ఉరికాడు. పచ్చకోటు తెరచాపలా ఎగురుతుండగా, కుడిచెయ్యి నిలువుగా ఎత్తి, అద్దంలో ఆమె ముఖం మీదనుంచి చూపు తిప్పకుండా ఉరికాడు. సాగనంపుడు గదిలో టీవీకి చెయ్యెత్తుకుంటున్నవాళ్ళు ఆ చప్పుడుకు బయటికొచ్చి, సంగతి అర్థమై, వాళ్ళూ ఉరికారు. గిడ్డమ్మవ్వ ఉరకలేక గేటు దగ్గరే నిలబడి ఎత్తింది. ఆరు గంటల సర్వీసు వెనక కొత్తబురుజు సగం చెయ్యెత్తుకుని గానుగ మలుపు దాకా పోయింది. సర్కిల్లో హుస్సేనప్ప బస్సు తిప్పి రివర్సు తీస్తే, ముందు అద్దం తమవైపు తిరగకముందే అందరూ విగ్రహం వెనక నక్కారు. ఆ విగ్రహం ఊరికి పనికొచ్చింది అదొక్కసారే.

బస్సు కనుమరుగైంది. మద్దిలేటి చెయ్యి దించాడు.

హయగ్రీవరావు గారు అంతా చూశాడు. కోపం రాలేదు. ఆయన ముఖంలో బోర్డు చూసినప్పటి పులకింతే వచ్చింది. "ఇంతమంది ప్రజలు చేతులెత్తి ఆపమని ప్రాధేయపడుతున్నా వాహనం ఆగలేదు. ఎంత పెద్ద భద్రతా లోపం," అని చక్రపాణి గారితో అన్నాడు. వెనకపక్క కూడా ఒక కన్ను బిగించాలని అక్కడే ఆదేశించాడు. అప్పుడిక ఆ డిపోలో ఏ బస్సూ ముందుకూ వెనక్కూ కదలదనీ, వచ్చే యేడు బహుమతి కూడా తమదేననీ లెక్క వేసుకుంటూ కారెక్కాడు. పచ్చకోటు మనిషి సంగతి ఆ సంబరంలో మరిచిపోయాడు. అధికారులు మరిచిపోవడం వల్లనే లోకంలో చాలామంది ఉద్యోగాలు నిలబడుతుంటాయి.

సాయంత్రం బస్సు వచ్చింది. మద్దిలేటి పొద్దు వాలకముందు నుంచే గేటు దగ్గర ఉన్నాడు. సుంకులమ్మ చెప్పులు కాళ్ళకు వేసుకునే దిగింది. అది చూశాకే అతను ఆమె ముఖం చూశాడు.

"మంచం దొరికింది," అంది. "చెయ్యి నొప్పి పుడతాండాదా?"

"ల్యా."

"అబద్ధాలు. ఉరికేటప్పుడు తాడు తెంపుకున్న ఎద్దు మాదిరుంటివి."

ఇద్దరూ నడిచారు. కొంత దూరం పోయాక మద్దిలేటి చెప్పక తప్పదన్నట్టు చెప్పాడు. "ఎనక గూడ కన్ను పెడతారంట. వచ్చే మంగళవారానికి."

సుంకులమ్మ నిలబడింది. సంచి దించి, అడుగున చెయ్యి పెట్టి వెతికి, బొట్టుబిళ్ళల అట్ట బయటికి తీసింది. వీధి దీపం కింద ఎత్తి పట్టుకుని, మిగిలినవాటిని ఒక్కొక్కటిగా చూసింది.

"ఎనకది ఎంతుంటాదో కనుక్కోనిరా," అంది. "సైజులుంటాయి."